చెయ్యెత్తిన బొమ్మ

నర్సింగ్ కాలేజీ మూడో అంతస్తులో మధ్యాహ్నపు ఎండ కిటికీల్లోంచి కుర్చీల మీద పడుతోంది. అప్పుడే తుడిచిన నేల ఫినాయిలు వాసన కొడుతోంది.

"మేడమ్, తనిఖీకి వచ్చినవాళ్ళు కింద టీ తాగుతున్నారు," అన్నాడు ల్యాబ్ అసిస్టెంటు.

"తాగనీ. ఈలోపు నేనోసారి లోపలికెళ్ళి చూసొస్తా. ఆ డిప్ప ఇలా ఇయ్యి."

కళ్ళూ చెవులూ కలిపి మూసేసే హెడ్‌సెట్‌కి పిల్లలు పెట్టిన పేరు డిప్ప. అది తగిలించుకుంటే చాలు, ఎవరి గదిలో వాళ్ళు కూర్చున్నచోటి నుంచే పెద్ద ఆసుపత్రి వార్డులో తేలతారు. మంచాలు, సెలైన్ స్టాండ్లు, మూలిగే రోగి, అన్నీ కంప్యూటరు మాయే. అక్కడ పిల్లలూ బొమ్మలుగానే కనిపిస్తారు. ఆ వార్డు ఆలోచన మేడమ్‌ది. ఇవాళ వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే ప్రిన్సిపాల్ కుర్చీ కూడా మేడమ్‌దే.

పిల్లలు ఆమెను బొమ్మల మేడమ్ అంటారు. ఊరికే అనరు. ఆ వార్డులో ఆమె చేతికి ఒక ఎర్ర మీట ఉంటుంది. నొక్కిందంటే పిల్లల బొమ్మలు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి, నోళ్ళు పడిపోతాయి. పాఠం అయ్యేదాకా ఆమె గొంతొక్కటే.

"మీ అమ్మల దగ్గర కూడా ఇంత బుద్ధిగా ఉండి ఉండరు," అని నవ్వేది.

పోయినేడు, ఊపిరాడని రోగిని ఎలా గుర్తుపట్టాలో చెబుతుండగా చివరి వరసలో ఒక బొమ్మ చెయ్యెత్తింది. ఆ అమ్మాయి సన్నగా, వాగుడుకాయలా ఉండేది. అందరూ పిచ్చిక అని పిలిచేవారు.

"మేడమ్... ఒక్క..."

"చెయ్యి దించు తల్లీ. సందేహాలు చివర్లో." మీట నొక్కేసింది.

పిచ్చికకి ఉబ్బసం. హాస్టల్లో పక్క మంచం మీదే స్నేహితురాలు కూర్చుంది, డిప్ప తగిలించుకుని, చెవులు మూసుకుని, ఇదే పాఠం వింటూ. పాఠం అయిపోయి అందరూ మాయమయ్యాక వార్డులో ఒక్క బొమ్మ మిగిలింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. "దీనికి ఓసారి చెప్తే ఎక్కదు," అని విసుక్కుని, మేడమ్ దాన్ని చెరిపేసి వెళ్ళిపోయింది.

పిచ్చిక చావు మీద జరిగిన విచారణలో మాత్రం మేడమ్, "ఆ అమ్మాయి అసలు చెయ్యే ఎత్తలేదండీ," అంది. క్లాసంతా చూసింది. వార్డంతా కనిపించే గోడ మీది తెరలో ల్యాబ్ అసిస్టెంటూ చూశాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. పిచ్చిక తల్లి గేటు దగ్గర మేడమ్‌తో ఒకే ఒక్క మాట అని వెళ్ళింది.

"మా పిల్ల అడక్కుండా ఊరుకునే రకం కాదమ్మా. జవాబు చెప్పేదాకా వదలదు."

ఇప్పుడు మేడమ్ డిప్ప సర్దుకుంది. "నేను లోపలుండగా తట్టావంటే ఊరుకోను."

"తెలుసు మేడమ్. పోయినసారి తిట్లు ఇంకా అరగలేదు."

వార్డులో చీకటి. పొద్దుటి వెలుగు పెట్టమని తనే చెప్పింది. మంచాల అంచులు మాత్రం మసగ్గా కనిపిస్తున్నాయి. డిప్పలో వాసనలు రావు. అయినా తడిసిన దుప్పటి వాసన ముక్కుకి తగిలింది. ఎక్కడో సన్నగా పిల్లికూతలు... ఊపిరి అందని రొమ్ములోంచి వచ్చే పిల్లికూతలు.

"ఏమయ్యా, రోగి గొంతు మార్చావా?"

ల్యాబ్ అసిస్టెంటు గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చింది. "రోగిని ఇంకా పెట్టనే లేదు మేడమ్."

చివరి వరసలో ఒక బొమ్మ. చెయ్యెత్తి ఉంది.

చెరిపేసింది. పోయింది. హమ్మయ్య అనుకుని ఇటు తిరిగితే, నడిమి వరసలో ఉంది. మళ్ళీ చెరిపింది. ముందు వరసలో... మళ్ళీ చెరిపింది.

పిల్లికూతలు చెవి పక్కన.

ఎర్ర మీట కోసం తడుముకుంది. చేతిలో లేదు. బొమ్మ చేతిలో ఉంది.

టక్.

డిప్ప తీసెయ్యాలనుకుంది. వేళ్ళు కదల్లేదు. కాళ్ళు కదల్లేదు. అరిచింది... గొంతు రాలేదు. కుడిచెయ్యి మాత్రం తనంతట తనే, మెల్లగా పైకి లేచింది. గాలి ముక్కుదాకా వచ్చి ఆగిపోతోంది.

బయట అడుగుల చప్పుడు. కుర్చీలు జరిగాయి.

"మేడమ్ మొదలెట్టేశారండీ," ల్యాబ్ అసిస్టెంటు గుసగుస. "ముట్టుకోకండి, కోప్పడతారు. మీరూ డిప్పలు పెట్టుకోండి."

తనిఖీవాళ్ళు ఒక్కొక్కరే బొమ్మలై వార్డులో వాలారు. వాళ్ళ ముందు, మేడమ్ తెల్ల కోటు తొడుక్కుని, పిచ్చిక నిలబడింది. మేడమ్ గొంతుతోనే పాఠం చెప్పింది.

"ముక్కుపుటాలు ఎగురుతాయి. పెదాలు నీలమెక్కుతాయి. అదిగో, చూడండి."

అందరి తలలూ మేడమ్ వైపు తిరిగాయి.

"అబ్బ, నిజం రోగిలాగే ఉంది!" అన్నారెవరో మెచ్చుకోలుగా. "ఏదో అడగాలని చెయ్యెత్తినట్టుందే?"

"చెయ్యి దించు తల్లీ," అంది పిచ్చిక. "సందేహాలు చివర్లో."

తనిఖీవాళ్ళు మెచ్చుకుంటూ కిందికి వెళ్ళాక ల్యాబ్ అసిస్టెంటు కాసేపు చూశాడు. పిలిచాడు. చివరికి భయపడుతూనే డిప్ప తీశాడు. నీలం పెదాలు. చెయ్యి మాత్రం ఇంకా పైనే ఉంది.

వెనక్కి తూలి, గోడలోంచి ప్లగ్గు లాగేశాడు. తెర ఆరలేదు. చివరి వరసలో రెండు బొమ్మలు పక్కపక్కనే కూర్చున్నాయి. ఒకటి చెయ్యెత్తి ఉంది. రెండోది చెయ్యి దించేసి, ఒళ్ళో ఎర్ర మీట పెట్టుకుని, అతనికేసే చూస్తోంది.

ప్లగ్గు వదిలేసి పరిగెత్తబోయాడు.

వేళ్ళు విడలేదు.