భూమయ్య పేరు మీద తెరుచుకునే తలుపు

మెదక్‌లో చేగుంట రోడ్డు మీదున్న ఆ లేడీస్ హాస్టల్‌లో కిరాయి తక్కువ, గదులు మంచివే. అయినా సగం ఖాళీ. చీకటి పడితే దాని తలుపు తనంత తానే తెరుచుకుంటుందని పేరు పడింది...

వార్డెన్ బాలనర్సమ్మ నాకు చెప్పిన సంగతి ఇది.

ఆ తలుపు వేలిముద్ర పెడితేనే తెరుచుకుంటుంది. ఎవరు వచ్చినా వాళ్ల పేరు వార్డెన్ ఫోన్‌కు వస్తుంది. వాచ్‌మన్ భూమయ్య జబ్బు చేసి, సొంతూరు రేగోడ్‌లో పోయాడు. దినాలు కాకముందే ఆయన పేరు మిషన్‌లోంచి కొట్టేయడం ఎందుకని ఆగారు.

దినాలైన రాత్రి— టక్.

తలుపు తెరుచుకుంది. గడపలో ఎవరూ లేరు. ఫోన్ చూస్తే... భూమయ్య.

ఆ తర్వాత పేరు తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. టక్కుమంటే చాలు, అమ్మాయిలు గదుల్లో దూరేవారు. బాలనర్సమ్మ పైమెట్టు మీది నుంచే "చూసుకొని పో భూమయ్యా" అనేది. లోపలి గడియ మాత్రం పెట్టనివ్వలేదు. ఇన్నేళ్లు కాపలా కాసినోడి మొహం మీద గడియ పెడితే ఉసురు తగుల్తదని.

కొత్తగా చేరిన నర్సు శ్రేయ నమ్మలేదు.

"మెట్ల మీద బురద అడుగులున్నయి పెద్దమ్మా. దెయ్యాలు చెప్పులేసుకుంటయా?"

"బతికున్నప్పుడు గూడ ఆయన కాళ్లు కడిగేటోడు కాదు బిడ్డా."

"పైన ఇంతమంది ఆడపిల్లలున్నరు. నవ్వుకుంట కూసుందామా?"

మిషన్ బిగించిన కృష్ణమోహన్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"పాస్‌వర్డ్ మార్చిండ్రా?" అడిగాడు అతను.

"అదెక్కడుంటది?" అంది బాలనర్సమ్మ.



"అంటే కంపెనీ ఇచ్చిందే ఉన్నదన్నట్టు, అన్ని మిషన్లకు అదే ఉంటది. ఆ మిషన్ నెట్ మీద నడుస్తదమ్మా. పాస్‌వర్డ్ తెలిసినోడు ఎక్కడున్నా ఫోన్ల నుంచే తలుపు తీస్తడు. ఏ పేరు మీద కావాల్నంటే ఆ పేరు మీద."

"మరి భూమయ్య పేరే ఎందుకు?" శ్రేయ గొంతు తగ్గించింది.

"ఆ పేరు చూస్తే మీరెవ్వరు కిందికి రారని తెలిసినోడు గావచ్చు... పొద్దుగాల వస్త. కరెంటు తీసెయ్యకుండ్రి, తీస్తే తాళమే పడదు. ఈ రాత్రికి గడియ పెట్టుకోండ్రి."

పెట్టారు. దీపం ఆర్పి, ఇద్దరూ మొదటిసారి తలుపు పక్కనే కూర్చున్నారు.

టక్.

ఫోన్ వెలిగింది. భూమయ్య.

అలవాటు కొద్దీ బాలనర్సమ్మ నోరు తెరిచింది. అంతలోనే తలుపు కదిలింది. బయటి నుంచి ఎవరో నెడుతున్నారు... నెమ్మదిగా, బరువుగా. గడియ కిర్రుమంది. ఆగింది.

శ్రేయ లేచి రెండు చేతులతో గడియను అదిమి పట్టుకుంది.

"పోయిండా?" గుసగుసగా అడిగింది.

బయట చెప్పుల చప్పుడు లేదు. వెనక్కి పోయిన చప్పుడు కూడా లేదు...

టక్.

ఫోన్ మళ్లీ వెలిగింది. ఈసారి భూమయ్య కాదు.

శ్రేయ.