తోక విరిగిన పుంజు

మతేరా ఊళ్ళో మా మెట్లవీధి రొట్టెల బట్టీ నాది. నలభై ఇళ్ళ ఆడవాళ్ళు ఇంట్లో పిండి కలిపి, దాని మీద తమ ఇంటి కొయ్యముద్ర గుద్ది నా దగ్గరికి తెస్తారు. ఒకరి రొట్టె ఇంకొకరికి పోకుండా ఆ ముద్రే ఆనవాలు. అక్షరం ముక్క రాకపోయినా నలభై ముద్రలూ నాకు కంఠతా వచ్చు. అందుకే కోర్టులో నేనన్న మాటకి జనం నవ్వారు.

“సవేరియో, ఆ రోజు దొనాటో తెచ్చిన రొట్టె మీద ఎవరి ముద్ర ఉంది?” అని సర్కారు వకీలు అడిగాడు.

“నేను ముద్రలు చూడనండీ,” అన్నాను.

అబద్ధం. చూశాను. తోక విరిగిన పుంజు. దొనాటో వదిన నున్జియా ఇంటి ముద్ర అది. అన్న పోయాక ఆ ఇంటి కోసం దొనాటో ఆవిడతో రోజూ గొడవే. ఆ తెల్లవారుజామున తన రొట్టెలతో పాటు ఆవిడ రొట్టె కూడా తెచ్చాడు. పొంగిన పిండి పారెయ్యడానికి మా వాళ్ళకి చేతులు రావు. వాడికీ రాలేదు.

“రుద్దెయ్ బావా,” అని గొణిగాడు.

నా కూతురికి బాప్తిస్మమప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడినవాడు. ఎందుకని కూడా అడక్కుండా బొటనవేలితో నొక్కి రుద్దేశాను. గంట తిరక్కుండా వీధిలో ఏడుపులు. నున్జియా పిండి తొట్టి పక్కన పడి ఉందట, మెడ మీద వేళ్ళ గుర్తులతో. ఆ కొయ్యముద్ర మటుకు ఎక్కడా దొరకలేదు.

ఏడాది తర్వాత తీర్పు వచ్చింది. సాక్ష్యాలు చాలవు, దొనాటో విడుదల. సర్కారు వకీలు అప్పీలుకి వెళ్ళడానికి మూడు రోజులే గడువు. నోరు విప్పాలంటే ఆలోపే విప్పాలి. రెండు రోజులు అలాగే గడిపేశాను, పిరికివెధవని.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం. ఎండకి అందరూ తలుపులు మూసుకున్నారు. మెట్ల మీద పిల్లి కూడా లేదు. బట్టీలో కట్టెలు చిటపటమంటున్నాయి. కాలుతున్న రొట్టెల కమ్మటి వాసనలో ఇంకేదో వాసన... పులిసిన పచ్చిపిండి వాసన. ఎక్కడిదో తెలియలేదు.

బట్టీ మూత తీసి, కొయ్యపారతో మొదటి రొట్టె బయటికి లాగాను.

తోక విరిగిన పుంజు.

రెండోది... పుంజు. మూడోది... పుంజు.

పొద్దున నా చేత్తో లోపల పెట్టినప్పుడు ఎవరి ముద్ర వాళ్ళకుంది. ఇప్పుడు అన్నిటి మీదా అదే. ప్రతి పుంజు మీదా ఒక బొటనవేలి గుంట.

రొట్టెల కోసం ఆడవాళ్ళు వచ్చారు. ఫిలొమేనా అత్త ఒకటి అందుకుంది. గుంట వంక చూసింది, నా చేతి వంక చూసింది.

“ముద్రలు చూడని వాడివి. నువ్వేం చేస్తావులే నాయనా,” అంది.

మిగతావాళ్ళు తలా ఒకటి తీసుకుని వెళ్ళిపోయారు. సిగ్గుతో చచ్చిపోయాను.

అందరూ వెళ్ళాక దొనాటో వచ్చాడు. కొత్త చొక్కా, నున్నగా గీసిన గడ్డం. మిగిలిన ఒక్క రొట్టెనీ చూడగానే వాడి మొహం పాలిపోయింది.

“ఇది మా ముద్ర కాదు బావా...”

“నేను ముద్రలు చూడను కదా.”

వాడు గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించాడు. “ఇవాళ్టితో గడువు అయిపోతుంది. ఈ ఒక్క పూట ఓర్చుకో. రుద్దెయ్.”

అదే మాట. అదే గొంతు.

వద్దనుకుంటూనే చెయ్యి చాచాను. నా బొటనవేలు ఆ గుంటలో సరిగ్గా సరిపోయింది. పైన గట్టిగా కాలిన రొట్టె. వేలి కింద మటుకు మెత్తగా, తడిగా... పచ్చిపిండి.

నొక్కాను.

లోపల్నుంచి ఏదో నా వేలిని తిరిగి నొక్కింది. మెల్లగా. రెండుసార్లు. పిండి పొంగిందో లేదో చూడ్డానికి ఆడవాళ్ళు నొక్కుతారే, అలాగ.

“రుద్దావా?” అన్నాడు దొనాటో.

వేలు వెనక్కి లాక్కోబోయాను. రాలేదు.