రాయబారి చెప్పని వాక్యం

మధ్యాహ్నం నౌకాదళాధిపతి ఇచ్చే విందులో ఏం మాట్లాడాలో తూకరి పొద్దున్నే రాయబారి సుభాషిణికి చెప్పేసింది. ఏ మాటకు నవ్వాలో, ఏ ప్రశ్న వినబడనట్టు ఊరుకోవాలో కూడా చెప్పింది.

చెవి వెనుక అతికించుకునే గింజంత పరికరమది. ప్రజాస్వామ్య విలువలను ఒకవైపు, దేశప్రయోజనాన్ని మరోవైపు పెట్టి రాయబారి పలకబోయే ప్రతి వాక్యాన్నీ తూచేది. అది వచ్చాక ఈ సముద్రంలో యుద్ధమన్నది లేదు. అందుకే భారత రాయబారులు సొంత మాటలు మానుకున్నారు.

ముందురోజు మందర దీవిలో నౌకాదళం ఎన్నికలను రద్దు చేసింది. గెలిచిన పైడమ్మ ఇప్పుడు రాయబార కార్యాలయం ముందుగదిలో కూర్చుని ఉంది.

చెరకు తోటల పనికి ఒకప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కినవాళ్ల వంశం ఆమెది. బడిలో పాఠాలు చెప్పేది. భర్త పోయాక ఒంటరిగా ఈ దీవికి వచ్చిన సుభాషిణిని సొంత అక్కలా ఆదివారాలు భోజనానికి పిలిచేది. ఆ ఇంట్లో మాత్రం సుభాషిణి తూకరిని తీసి పక్కన పెట్టేది. ఆ కబుర్లేవీ దానికి తెలియవు.

"దాక్కోడానికి రానేదు అప్పా," అంది పైడమ్మ. "ఓట్లేసినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు. ఎన్నిక సరిగ్గా జరిగిందని ఒక్క మాట సెప్పు. సాలు."

'మౌనం,' అంది తూకరి. 'నౌకాదళం దూరమైతే మన ఓడల దారి పోతుంది. నౌకాదళ ప్రభుత్వం దానంతటదే కూలుతుంది. తర్వాత వచ్చేవారూ మనతో స్నేహంగానే ఉంటారు.'

సుభాషిణి చెయ్యి చెవి దాకా వెళ్లి ఆగింది.

"పరిణామాలను మా దేశం నిశితంగా గమనిస్తోంది," అంది.

పైడమ్మ చీర కొంగు సర్దుకుని లేచింది. వీధి మలుపులోనే నౌకాదళం వాళ్లు ఆమెను పట్టుకున్నారు. సుభాషిణి విందుకు వెళ్లి, నవ్వవలసిన చోటల్లా నవ్వింది.

తూకరి చెప్పినట్టే అంతా జరిగింది. కొన్నేళ్లకు నౌకాదళంలో చీలిక వచ్చి ప్రభుత్వం కూలింది. జైలు నుంచి వచ్చిన పైడమ్మ అధ్యక్షురాలైంది. ఓడల దారి ఒప్పందం మీద పేచీ లేకుండా సంతకం పెట్టింది. ఢిల్లీ నుంచి సుభాషిణికి అభినందనలు వచ్చాయి.

సంతకాలయ్యాక గదిలో ఇద్దరే మిగిలారు. సుభాషిణి పరికరాన్ని తీసి సంచిలో వేసుకుంది.

"నామీద కోపముందా పైడమ్మా?"

"కోపమేటి రాయబారిగారూ. నాకూ ఒక దేశముంది ఇప్పుడు. మీ దేశం అలాగెందుకు సేసిందో తెలిసింది." పైడమ్మ బాగా చిక్కిపోయింది, మాట మాత్రం మెత్తగానే ఉంది. "జైల్లో మీ దేశం ఏటంటాదోనని నేను సూడనేదు. మీరేటంటారోనని సూసినాను."

సుభాషిణి సంజాయిషీ చెప్పబోయింది. తూకరి లేకుండా ఆమెకు మాట కూడలేదు.

"ఇకమీదట పనులుంటే మీ యంత్రం, మా యంత్రం మాటాడుకుంటాయి. మీకీ శ్రమెందుకు?" అని పైడమ్మ లేచి, తలుపు దాకా మర్యాదగా సాగనంపింది.

బయట ఎండ తగ్గుతోంది. ఆదివారం కావడంతో వీధుల్లో కుటుంబాలు తిరుగుతున్నాయి. చోదకుడు లేని కారు తలుపు తెరుచుకుంది. సుభాషిణి ఎక్కి కూర్చుంది.

"ఆదివారం కదా, ఎవరింటికి వెళ్లాలి?" అని అడిగింది కారు.

ఆమె సంచిలో తూకరి కోసం తడిమింది. కారు మళ్లీ అడిగింది.