తల్లి గుర్తుపట్టని ఫొటో

జూన్ 22, ఆదివారం. ఉదయం ఏడు గంటలు.

చిన్నక్క సంచీ సర్దుతోంది. రెండు గౌన్లు, ఒక తువ్వాలు, దువ్వెన. సర్దినవే మళ్లీ తీసి మడతపెట్టింది. ఏదో మరిచిపోయానేమోనని భయం.

ఆమె కూతురు, ఆరేళ్ల కవిత వాకిట్లో నిలబడి జీపు కోసం చూస్తోంది. పుట్టుకతోనే పిల్ల పైపెదవి ముక్కుదాకా చీలి ఉంది. ట్రస్టు వాళ్లు ఖమ్మంలో క్యాంపు పెట్టి ఉచితంగా ఆపరేషన్ చేయిస్తామన్నారు.

"నేను గూడ వస్త సారూ. తండ్రి లేని పిల్ల."

"పదకొండు మంది పిల్లలమ్మా. తల్లులకు జాగ లేదు. నర్సు గ్రేస్ చూసుకుంటది," అన్నాడు కోఆర్డినేటర్ బెంజమిన్. "నెల రోజులల్ల నవ్వుకుంట వస్తది."

7.30కి జీపు కదిలింది. దుమ్ము అణిగేదాకా చిన్నక్క అక్కడే నిలబడింది.

ఆగస్టు 4. పోలీస్ స్టేషన్.

ఎస్‌ఐ మెహ్రీన్ టేబుల్ మీద ఒక ఫొటో ఉంది. ఎదురుగా చిన్నక్క.

పిల్ల రాలేదని ఆమె ఫిర్యాదు. జులై 23న గూడెంలో తల్లికే అప్పగించానని బెంజమిన్ స్టేట్‌మెంట్. అతని సాక్ష్యం ఆ ఫొటో. ఆపరేషన్ అయిన నెలకు పిల్లను ఊళ్లో ఆరుబయట ఫొటో తీసి దాతలకు పంపడం ట్రస్టు పద్ధతి. పెదవి మీద సన్నటి కుట్టు గీత. కింద తేదీ.

"ఈ పిల్ల నా బిడ్డ కాదమ్మా."

"పెదవి కుట్టినంక ముఖం మారుతదంట. మంచిగ చూసినవా?"

"నూరుసార్లు చూసిన."

"ఆ రోజు ఆయన రాలేదని చెప్పేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"లేరు. ఊరంత నాట్లకు పోయినం."

"బిడ్డను ఎవరికన్న ఇచ్చినవా?"

చిన్నక్క తల దించుకుంది. అడగక తప్పని ప్రశ్నే. అయినా మెహ్రీన్‌కు నోరు చేదైంది.

ఆమె ఫొటోను మళ్లీ చేతిలోకి తీసుకుంది. పిల్ల వెనకాల గోధుమరంగులో ఏవో పరిచి ఉన్నాయి.

"యేసుదానం గారూ, ఈ కిస్‌మిస్ ఏంది?"

హెడ్ కానిస్టేబుల్ యేసుదానం కళ్లజోడు సర్దుకున్నాడు.

"మీ ఖమ్మం కిరాణా దుకాణం గాదు మేడం. ఇప్పపువ్వు. ఆరబోసిన్రు."

మెహ్రీన్ నవ్వలేదు. అది ఎప్పుడు ఆరబోస్తారో అడిగి తెలుసుకుని, ఖమ్మం ఆస్పత్రికి ఫోన్ చేసింది.

ఆగస్టు 6. ఉదయం 10.15. ట్రస్టు ఆఫీసు.

బెంజమిన్, గ్రేస్, చిన్నక్క ముగ్గురినీ మెహ్రీన్ ఒక్కచోట కూర్చోబెట్టింది.

"ఈ ఫొటో ఎప్పుడు తీసిన్రు బెంజమిన్ గారూ?"

"జులై 23. తేదీ ఉంది గద మేడం."

"ఆ రోజు వాన పడ్డదా?"

"నాలుగొద్దుల సంది ముసురే. తడుసుకుంట పోయిన."

"ముసుర్ల ఇప్పపువ్వు ఎవరు ఆరబోస్తరు?"

బెంజమిన్ ఫొటో వైపు చూశాడు.

"ఆ పువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ల. ఎండల్నే ఆరబోస్తరు. ఇది ముందటి క్యాంపుల కుట్టిన ఇంకో పిల్ల ఫొటో. మీరు తేదీ మార్చిన్రు. మేమందరం పెదవి చూసినం. వెనక ఏముందో ఎవ్వరం చూడలేదు."

గ్రేస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆపరేషన్ పొద్దు పిల్లకు నూటొక్కటి జ్వరం మేడం. వద్దని చెప్పిన. క్యాంపుకు అదే ఆఖరు రోజు, డాక్టర్లు పోతరని బెంజమిన్ సారు జ్వరం లేదని రాసిండు. మత్తు ఇచ్చినంక పిల్ల లేవలే."

మెహ్రీన్ ఆస్పత్రి కాగితం టేబుల్ మీద పెట్టింది. శవాన్ని తీసుకున్నవారు: బెంజమిన్. బంధుత్వం: మేనమామ.

"ఇంక నలభై మంది పిల్లలు లిస్టుల ఉన్నరు," అన్నాడు బెంజమిన్. "ఇది బయటపడితె దాతలు ఆగిపోతరు మేడం. వాళ్ల నోళ్లు గట్లనే ఉండిపోతయి."

చిన్నక్క మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"ఏడ బొందబెట్టినవ్?"

"ఖమ్మం శ్మశానంల. గోడ పక్కన."

"పెదవి కుట్టిన్రా?"

గ్రేస్ చెప్పింది.

"లేదక్కా. కుట్టలే."

యేసుదానం బెంజమిన్‌ను బయటకు నడిపించాడు. మెహ్రీన్ కేసు డైరీ తెరిచి ఆఖరు వాక్యాలు రాసింది.

కవిత, వయసు ఆరేళ్లు, ఇంటికి తిరిగి రాలేదు. జూన్ 24, మంగళవారం, ఉదయం 11.20కి చనిపోయింది.