గాసి మళ్ళీ వేసిన ముడి

సుంకరమెట్ట సంతలో గాసి తన తేనె కుండను కనక అల్లం బుట్ట పక్కన పెట్టి, కాస్త చూస్తుండమని చెప్పి వెళ్ళాడు. అటునుంచి అటే ఇంటికి పోయాడు. ఇంతలో వాన పట్టుకుంది. కనక తన ఆకుల గొడుగును కుండ మీద కప్పి, తాను తడిసింది. కుండతో పాటు ఆ కోపాన్నీ ఇంటికి మోసుకెళ్ళి, మళ్ళీ సంత దాకా దాచుకుంది.

మరుసటి వారం అతను ఉత్త చేతులతో వచ్చి, "నాను గాని ఇక్కడ కుండెట్టినానేటి?" అని మెల్లగా అడిగాడు.

"ఎట్టినావు. నీకంటే సీమలే నయం. దారి మర్సిపోకుండా రోజూ ఒచ్చినాయి."

అతను నవ్వలేదు. తల వంచుకున్నాడు. ఆ వంచుకోవడం చూసి కనక కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

ఆ పై సంతలో కూడా కుండ అక్కడే పెట్టి నడిచిపోతున్నాడు. కనక కేకేసింది. "మళ్ళీ మర్సిపోనావా?"

గాసి వెనక్కి తిరిగాడు. "ఈపాలి మర్సిపోలేదు."

అలా మొదలైంది.

గాసికి తల్లీ తండ్రీ లేరు. అన్న సుక్రు ఒక్కడే. సుక్రుకి కొన్ని నెలలు నిద్రే ఉండదు. కొండవాలంతా ఒక్కడే పోడు సాగుకి నరికేస్తాడు, అడిగినవాళ్ళందరికీ తన ఎడ్లు ఇస్తానంటాడు. మరికొన్ని నెలలు గోడవైపు తిరిగి పడుకుంటాడు, గంజి కూడా ముట్టడు. గాలి సోకిందని కోళ్ళు కోశారు, ఏమీ మారలేదు. గాసికి ఆ జబ్బు లేదు. కానీ నీళ్ళు పోయకుండానే కుండ పొయ్యి మీద పెడతాడు. రెండు పనులు చెబితే ఒకటి జారిపోతుంది.

ఆ సంగతి గాసే కనకకు చెప్పాడు. "అన్నకున్నది నాకు రాలేదు. దాని నీడేదో నా తలలో కూడా ఉన్నాదేమో. నీకు సెప్పకుండా నిన్ను అడగకూడదు."

కనక తండ్రి మల్లేశు ఆ ఇల్లంటే భయపడ్డాడు. కూతురి మొహం చూసి, చివరికి ముడులు వేసిన తాడు గాసి చేతికిచ్చాడు. రోజూ పొద్దున్నే ఒక ముడి విప్పాలి. ఆఖరి ముడి రోజున పెళ్ళికొడుకు ఇంటి పెద్ద స్వయంగా జీలుగు కల్లు కుండ మోసుకుని రావాలి. ముందొస్తే ఆడపిల్ల ఇంటికి చిన్నతనం. రాకపోతే మర్నాడు, కనకను అడుగుతున్న అవతలి కొండ మంగ్లు వాళ్ళ కుండ తీసుకుంటానని మల్లేశు తేల్చి చెప్పాడు.

కనక కూడా అన్నే ముడులు వేసిన తాడొకటి తన దగ్గర ఉంచుకుంది. వలిసె పూలు కొండల నిండా పసుపు ఆరబోసినట్టు పూశాయి. ఒక్కో ముడి విప్పుతూ ఆమె దారి చూసింది. ఆఖరి రోజున పొగమంచు దారిని మింగేదాకా గుమ్మంలోనే నిలబడింది. ఎవరూ రాలేదు. కొండల మీద పెత్తనం చేసే ముఠాదారు మనుషులు అతన్ని వెట్టికి రోడ్డు పనిలోకి తోలుకుపోయారా? తన మేలు కోరి అతనే తప్పుకున్నాడా? ఆ రెండో ఆలోచనే ఆమెను ఎక్కువ పిండేసింది.

మర్నాడు మంగ్లు వాళ్ళు కుండ తెచ్చి అరుగు మీద పెట్టారు. మల్లేశు చెయ్యి చాపబోతుంటే కనక అడ్డొచ్చింది.

"పొద్దు నడినెత్తి మీదకొచ్చే దాకా ఆగయ్యా."

ఆగాడు. పొద్దు నడినెత్తికి చేరుతుండగా వలిసె చేల మధ్య ఇద్దరు కనిపించారు. సుక్రు నెత్తిన కుండతో నాలుగడుగులు వేస్తున్నాడు, ఆగుతున్నాడు. గాసి కూడా ఆగుతున్నాడు. కుండ మాత్రం అందుకోవడం లేదు.

"నిన్న కదా రావాలి," అన్నాడు మల్లేశు.

గాసి మొలలోంచి తాడు తీశాడు. గుమ్మం ముందు విప్పాలని ఉంచుకున్న ఆఖరి ముడి ఒక్కటే మిగిలి ఉంది. "ఇయ్యాలే కదా, మావా?" అంటూనే కనక మొహం చూసి లెక్క తప్పిందని అతనికి అర్థమైంది. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "ఒక పొద్దున అన్న లెగలేదు. ఆడి సేత గంజి తాగించీసరికి ముడి ఒకటే ఇప్పినానో, రెండు ఇప్పీసినానో తెలవలేదు. ముందొచ్చేత్తే మీకు సిన్నతనం. అందుకే మళ్ళీ ముడేసినాను."

సుక్రు కుండ దించాడు. "నాను లెగనేకపోనాను. తప్పు ఆడిది కాదు."

మల్లేశు కూతురి వైపు తిరిగాడు. "రేపు నీళ్ళు నేని కుండ పొయ్యి మీదెడితే?"

"నీళ్ళు నాను పోత్తాను."

"ఈ పెద్దోడు లెగని రోజున?"

"ఆ రోజే కదయ్యా ఆడు రోజు మర్సిపోనాడు. అన్నని ఒగ్గీసి రానేదు."

మల్లేశు అరుగు దగ్గరికి నడిచాడు. తర్వాత మంగ్లు వాళ్ళ కుండను రెండు చేతులా ఎత్తి వాళ్ళకే ఇచ్చాడు. వాళ్ళు గొణుక్కుంటూ లేచారు. సుక్రు తెచ్చిన కల్లు దోసిట పట్టి తాగాడు.

పెళ్ళి చోడి పంట కోతలయ్యాక అన్నారు. సాయంత్రం అన్నదమ్ములు బయల్దేరారు. మలుపు దగ్గర గాసి ఒకసారి తిరిగి చూశాడు, తర్వాత మంచు అతన్ని తీసుకుపోయింది.

ఖాళీ కుండ గుమ్మం పక్కనే ఉండిపోయింది. కనక దాన్ని ఎత్తుకుని పిలవబోయి ఆగింది. మర్చిపోయాడో, వదిలి వెళ్ళాడో ఈసారి అడగాలనిపించలేదు. చీమలు పట్టకుండా కడిగి, తన పక్క దగ్గర బోర్లించుకుంది.