బయటివాడు కాడు

"మా నాన్నని తీసేస్తానన్న మనిషి మీరేనా?"

లైబ్రరీ రీడింగ్ హాల్లో తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. కత్తెర దొంగచాటుగా నములుతున్న బిస్కట్ గొంతుకు అడ్డం పడింది.

కత్తెర అతని అసలు పేరు కాదు. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసుకునే విజ్ఞాన సర్వస్వంలో, అర్హత లేని పేజీలను పట్టుకుని తొలగింపు చర్చకు పెట్టడంలో అతనిది అందెవేసిన చెయ్యి. తోటి రాతగాళ్ళు ముద్దుగానో కసిగానో ఆ పేరు పెట్టారు. పగలు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. శనివారం సాయంత్రాలు ఈ మూల బల్ల దగ్గర కూర్చుని, జీతం బత్తెం లేకుండా ఎవరెంత గొప్పవాళ్ళో తేలుస్తుంటాడు.

"మెల్లగా మేడమ్, ఇది లైబ్రరీ."

"చెవి మిషన్ల షాపులో పని చేస్తాను. నా గొంతింతే. మీ పేజీలో ఈ లైబ్రరీ పేరు చూసి వచ్చాను. 'ఈ స్వరకర్తకు ప్రాముఖ్యత లేదు' అని రాసింది మీరే కదా?"

"ప్రాముఖ్యతకు ఆధారాలు లేవని రాశాను. రెండూ ఒకటి కాదు."

"చదివేవాళ్ళకి ఒకటే. స్టేషన్లో అనౌన్స్‌మెంట్ ముందు మోగే ట్యూన్ ఎప్పుడైనా విన్నారా?"

"రోజూ వింటాను."

"అది మా నాన్నదే."

"అని ఎవరు రాశారు?"

"నేను రాశానుగా!"

"మీరు కూతురు. సొంతవాళ్ళ మాట చెల్లదండీ. బయటివాళ్ళెవరైనా పేపర్లోనో పుస్తకంలోనో ఆయన గురించి వివరంగా రాసి ఉండాలి. కనీసం రెండు చోట్ల."

"బయటివాళ్ళు పట్టించుకుని ఉంటే నేనెందుకు రాస్తాను?"

ఆమె కోపంగానే నిలబడి ఉంది కానీ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నాన్న గుండె సగమే పని చేస్తోంది. డాక్టర్లు చేతులెత్తేశారు" అంది. "మొన్న ఫోన్ తీసుకుని, నా పేరు కొడితే ఏమైనా వస్తుందా అమ్మా అని అడిగారు. ఏమీ రాలేదు. అందుకే రాశాను."

"పాత పేపర్లు మేడ మీదున్నాయి. వెతుకుదామా?" అన్నాడు కత్తెర. అతను అంతవరకూ ఎవరినీ అలా అడిగి ఎరగడు.

చర్చ ఇంటర్నెట్‌లో నడుస్తూ ఉంది. వీళ్ళిద్దరూ దుమ్ములో తుమ్ముతూ ఆయన సంగీతం కట్టిన పాత నాటకాల సమీక్షలు తిరగేశారు. ప్రతి దాంట్లోనూ సంగీతం శ్రావ్యంగా ఉందనే రాసి ఉంది. అది ఎవరిదో మాత్రం ఏ మహానుభావుడూ రాయలేదు. లైట్లు వేసినవాడి పేరుంది, తెరలు కుట్టినవాడి పేరుంది.

"తెరలకున్న అదృష్టం కూడా లేదు మా నాన్నకి" అందామె.

ఒకరోజు వాన పట్టుకుంది. ఒక్కటే గొడుగు. అతను దాన్ని జిరాక్స్ కాగితాల మీద పట్టాడు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"అమ్మాయిని గాలికొదిలేసి కాగితాలకి గొడుగు పట్టేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా" అని ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుతో కత్తెర పని అయిపోయింది.

ఆ కాగితాల్లోనే దొరికింది ఒక్క వ్యాసం. పాత వారపత్రికలో, ఆయన పేరుతో, ఆయన ఫోటోతో. రెండోది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

ఆ వ్యాసం చూపించడానికి ఇంటికి వెళ్తే, ఆయన దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు.

"నువ్వేనా బాబూ కత్తెర? ఇంతకీ నేను ఉన్నట్టా, లేనట్టా?"

"చర్చలో ఉన్నారండీ."

"తొందరగా తేల్చండి. ఇక్కడ డాక్టర్లూ అదే చర్చలో ఉన్నారు."

నవ్వబోతే దగ్గు వచ్చింది. కూతురు మొహం తిప్పుకుంది.

చర్చలో సగం మంది ఉంచాలన్నారు, సగం మంది తీసెయ్యాలన్నారు. ఇక కత్తెర మాటే మిగిలింది. అతనే ఉంచాలన్నాడంటే ఎదురు చెప్పేవాళ్ళుండరు.

"రేపు చర్చ మూసేస్తారట. ఒక్క మాట రాయరూ?" అని ఆమె గుమ్మం దగ్గర అడిగింది.

"రాస్తాను."

గదికి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఉంచాలని టైపు చేశాడు, చెరిపాడు. ఒక్క వ్యాసం చాలని నిజంగా అనిపిస్తోందా, ఆ అమ్మాయి కోసం అనిపిస్తోందా? ఎంత తవ్వుకున్నా అతనికి తెలియలేదు. సొంతవాళ్ళన్న ఒక్క కారణంతో ఎందరి మాటలనో అతనే కొట్టేయించాడు. ఒక కోడలివి, ఒక శిష్యుడివి. వాళ్ళందరికీ ఒక న్యాయం, తనకొక న్యాయమా? చివరికి ఇలా రాశాడు:

"ఈ స్వరకర్త కుమార్తెను నేను ప్రేమిస్తున్నాను. ఆమెకు ఇంకా చెప్పలేదు. కనుక ఈ చర్చలో నా మాటను లెక్కలోకి తీసుకోవద్దు."

మర్నాడు పేజీ తీసేశారు.

ఆమె ప్రెస్సుకు వచ్చింది. మొదటిసారి ఆమె గొంతు మెల్లగా వినిపించింది.

"ఒక్క మాట రాస్తే మా నాన్న ఉండిపోయేవారు."

"అబద్ధమయ్యేది."

"ఏది అబద్ధం? నాన్న గొప్పతనమా?"

"కాదు. నేను బయటివాణ్ణన్న మాట."

ఆమె బల్ల మీది ప్రూఫు కాగితం తీసి, చదవకుండానే మళ్ళీ పెట్టేసింది.

"మిమ్మల్ని క్షమించానని అనుకోకండి" అంది. "నాన్న రమ్మంటున్నారు."

ఆయన చేతిలో ఫోన్ ఉంది. 'ఈ పేరుతో పేజీ లేదు' అన్న అక్షరాలు దూరం నుంచే కనిపించాయి. కత్తెర గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. జీవితమంతా పాటలు కట్టిన మనిషికి చివర్లో తాను ఇచ్చింది ఇదీ.

"చర్చ కూడా తీసేస్తారా బాబూ?"

"లేదండీ. చర్చలు అలాగే ఉంటాయి."

"మొత్తం చదివాను. ఇంతమంది కూర్చుని నా గురించి ఇంతసేపు మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి." ఆయన కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. "అందులో నువ్వు మా అమ్మాయి గురించి రాసిన మాట నిజమేనా?"

కత్తెర ఆమె వైపు చూశాడు.

"నిజమే నాన్నా" అందామె.

"నువ్వు ఊరుకో. సొంతదానివి, నీ మాట చెల్లదు." ఆయన అతని వైపు చెయ్యి చాచారు. "ఇక మీదట ఇతని మాటా చెల్లదు."

కత్తెర పట్టుకున్న ఆ చెయ్యి చల్లగా, తేలిగ్గా ఉంది. ఆమె గొంతెత్తి, షాపులో మాట్లాడేంత గట్టిగా ఏడ్చింది. మెల్లగా అని ఈసారి కత్తెర అనలేదు.