అయిపోయిందని చెప్పేదాకా

దెయ్యాలు రాత్రిపూటే వస్తాయని మొదట చెప్పినవాడెవడో గానీ, నాకు ఎదురుపడితే నాలుగు తిట్టాలని ఉంది. మా ఇంట్లో ఇది జరిగింది ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, ఇంకా అంట్లు కూడా కడగకముందు.

నేను షాపులకు బోర్డులు రాస్తాను. వారమంతా నిచ్చెన మీదే నా బతుకు. మందుల షాపు, కుట్టుమిషన్ల షాపు, పళ్ళ డాక్టరు. ఆ డాక్టరు బోర్డు మీద నేను వేసిన పళ్ళు చూసి పిల్లలు జడుసుకుంటున్నారని ఆయన రెండోసారి వేయించాడు. అలా వారమంతా ఎవరెవరి పళ్ళో వేసి, ఆదివారం మాత్రం ఇంట్లో కూర్చుని బొగ్గుకడ్డీతో నా ఇష్టమొచ్చినట్టు మనుషుల బొమ్మలు గీసుకుంటాను. గీయడానికి మనుషులు కావాలి కదా. మా ఇంట్లో నేను కాక ఉన్నది ఇద్దరే.

ఒకరు మా ఆవిడ. ఆవిడ నా ముందు ఒక్కసారి కూడా కూర్చోలేదు. "కూర్చునే తీరికే ఉంటే కాసేపు నడుం వాలుస్తాను గానీ, మీ ముందు దిష్టిబొమ్మలా కూర్చుంటానా?" అనేది. ఇంకోసారి బతిమాలితే, "ఆ పళ్ళు వేసిన చేత్తో నన్ను వెయ్యకండి, మీకు పుణ్యముంటుంది," అని దండం పెట్టేసింది.

ఇంకొకరు మా ఉడత. మా అమ్మాయే. ఒక చోట క్షణం నిలవదు, అందుకే ఆ పేరు. దాన్ని కుదురుగా కూర్చోబెట్టడానికి నేనొక ఆట కనిపెట్టాను. నేను "కదలకు" అన్నది మొదలు "అయిపోయింది" అనేదాకా అది కదలకూడదు. నెగ్గితే నా బోర్డు రంగుల్లో అడిగిన రంగు దానిది. ఆ ఆట దానికి ఎంత పట్టిందంటే, ఓసారి ముక్కు మీద ఈగ వాలితే ఉఫ్ఫున ఊదుకుంది తప్ప చెయ్యి ఎత్తలేదు. "అయిపోయింది" అనగానే మాత్రం కేక పెట్టి కుర్చీలోంచి ఎగిరి దూకేది. ఆ కేక కోసమే సగం బొమ్మలు గీసేవాణ్ణి.

నాకో అలవాటుంది. కుర్చీ, కాళ్ళు, గౌను, చేతులు అన్నీ గీసుకుని ముఖం చివరికి ఉంచుకుంటాను. పిల్లలు మొదట్లో ఫొటోకి నిలబడ్డట్టు బిగుసుకుంటారు. కాస్త అలిశాకే వాళ్ళ అసలు ముఖం బయటికొస్తుంది. ఆ రోజూ అలాగే మొదలుపెట్టాను.

పొద్దుటినుంచీ మబ్బు. ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ, దానికెదురుగా నా స్టాండు, స్టాండుకి అట్ట, అట్టకి క్లిప్పులతో బిగించిన తెల్ల కాగితం. ఉడత కుర్చీలో కాళ్ళు దగ్గరగా పెట్టి, చేతులు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. కుర్చీ కాళ్ళు, దాని పాదాలు, గౌను అంచు అయ్యాయి. చేతులు మొదలుపెట్టబోతున్నాను. గాలి చల్లబడింది. మట్టివాసన వచ్చింది.

"ఏమండీ! డాబా మీద బట్టలు తడిసిపోతున్నాయి! నా చేతులు ఖాళీ లేవు!" వంటింట్లోంచి మా ఆవిడ కేక.

నేను బొగ్గుకడ్డీ పక్కన పెట్టి లేచాను. "కదలకు. ఇప్పుడే వస్తా," అన్నాను ఉడతతో.

అదే నేను చేసిన పని. పెద్ద నేరమేం కాదు కదా? ఆట ఆపేసి వెళ్ళినా సరిపోయేది. వాన వస్తోంది, బట్టలు తడుస్తున్నాయి, పిల్ల ఎలాగూ ఆడుకుంటుందిలే అనుకున్నాను.

బట్టలు తీసేసరికి డాబా మీద నీళ్ళు నిలిచిపోయాయి. గొట్టానికి ఆకులు అడ్డం పడ్డాయి. వంగి అవి తీశాను. తడిసి ముద్దై, దుప్పట్లు భుజాన వేసుకుని కిందికి వచ్చాను. వసారా రేకుల మీద వాన హోరు. ముందుగది మసగ్గా ఉంది. లైటు స్విచ్చి నొక్కాను, కరెంటు లేదు.

ఉడత కుర్చీలోనే ఉంది. ఉంచినది ఉంచినట్టు.

నాకు నవ్వొచ్చింది. "ఓసి నీ దుంపతెగ, ఇంకా కూర్చునే ఉన్నావా! లేవమ్మా, మళ్ళీ గీద్దాం."

అది లేవలేదు. నావైపు చూడనూ లేదు. దాని చూపు స్టాండు వెనక, నేను కూర్చునే స్టూలు మీద ఉంది. పెదాలు మాత్రం కొంచెం కదిలాయి.

"మాట్లాడకు నాన్నా... ఇంకా గీస్తున్నారు."

"ఎవరే?"

అప్పుడు విన్నాను. వాన హోరు కింద ఇంకో చప్పుడు. సర్... సర్... సర్... ఆ చప్పుడు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కాగితం మీద బొగ్గుకడ్డీ నడిచే చప్పుడు.

స్టాండు చుట్టూ తిరిగి కాగితం చూశాను. చేతులు పూర్తయ్యాయి. నేను గీయని చేతులు. వేళ్ళు, గోళ్ళు, చూపుడువేలికి మొన్న తెగిన గాటుతో సహా. భుజాల దాకా గౌను అయిపోయింది. ఎంత బాగుందంటే, ఒక్క క్షణం సిగ్గుపడ్డాను. అంత బాగా నేను జన్మలో గీయలేదు.

తర్వాత నీడ గీతలు చూశాను. నేను నీడ వేస్తే గీతలన్నీ కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి వాలతాయి. కుడిచేతి వాటం అలాగే వస్తుంది. ఇవి అటు నుంచి ఇటు వాలి ఉన్నాయి. ఎడమచేతి గీతలు. మా ఇంట్లో ఎడమచేతి వాళ్ళెవరూ లేరు.

నేను చూస్తుండగానే మెడ దగ్గర ఒక గీత మొదలైంది. బొగ్గుకడ్డీ నేను పెట్టిన చోటే, నేల మీదే ఉంది. గీత మాత్రం మెల్లగా, తాపీగా చెవి వైపు పాకుతోంది. సర్... సర్...

దుప్పట్లు కింద పడేసి ఉడతని ఎత్తుకోబోయాను. రాలేదు. ముప్పొద్దులా మూపున మోసే పిల్ల, ఆకంత బరువుండదు. నేలకి దిగ్గొట్టినట్టు ఉంది. చేతులు పట్టుకున్నాను. చల్లగా, చెక్కలా ఉన్నాయి. వేళ్ళు విడదీయబోతే విడివడలేదు. బుగ్గ తాకాను. బుగ్గ వెచ్చగా ఉంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

నాకు అర్థమైంది. గీసినంత మేరా పిల్ల బిగుసుకుపోతోంది. ముఖం ఒక్కటే మిగిలింది.

"ఏమేవ్!" అని అరిచాను.

మా ఆవిడ తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. నేను కాగితం చూపించాను. ఆవిడ కాగితం చూడలేదు. పిల్లని వాటేసుకుని లాగింది. కుర్చీతో సహా లాగింది. ఏడుస్తూ లాగింది. కుర్చీ అంగుళం జరగలేదు.

నేను రబ్బరు తీసుకుని కాగితం మీద చిటికెనవేలు చెరిపాను. ఉడత కెవ్వుమంది. అంత అరుపులోనూ తల కదల్లేదు. ఒళ్ళో దాని చిటికెనవేలు కొస తెల్లగా పాలిపోయింది, చర్మం మీది గీతలు కూడా లేవు. రబ్బరు నా చేతిలోంచి జారిపోయింది. ఇక ఆ కాగితాన్ని చింపడమన్న మాటే లేదు. చెరపడానికి లేదు, చింపడానికి లేదు, పిల్లని లేపడానికి లేదు. తండ్రినై ఉండి, నా ఇంట్లో, నా కళ్ళముందు, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను. ఆ చేతగానితనం పగవాడికి కూడా వద్దు.

"ఆ మాట అనండి!" అంది మా ఆవిడ. "అయిపోయింది అనండి! దానికి చెప్పేది మీరేగా!"

"అయిపోయిందమ్మా! అయిపోయింది, లేచిరా!" అన్నాను.

ఉడత పెదాల సందుల్లోంచి సన్నగా అంది. "అబద్ధం నాన్నా... ముఖం అవలేదుగా."

గీత చెవి దాటి చెంప మీదికి వచ్చింది.

మా ఆవిడ నా మొహంలోకి చూసింది. ఏడుపు ఆపేసింది. వంటింట్లో పొయ్యి మీద ఏదైనా మాడితే చూసే చూపు అది. "అయితే మీరే గీసెయ్యండి. ముందు మీరు పూర్తిచేసి, మీరే చెప్పండి. ఊఁ, కూర్చోండి!"

బొగ్గుకడ్డీ తీసుకుని స్టూలు మీద కూర్చున్నాను.

స్టూలు వెచ్చగా ఉంది.

నేను లేచి ఎంతసేపైంది! తడిసిన ఒంటికి ఆ వెచ్చదనం బాగా తెలిసింది. లేచి పారిపోవాలనిపించింది. ఎదురుగా నా పిల్ల కళ్ళు. లేవలేదు. గీశాను.

కుడి చెంప నేను. ఎడమ చెంప... అది. నుదురు నేను. జుట్టు పాయ అది. నా గీతలు వంకరపోతున్నాయి. దాని గీతల్లో వంకర లేదు. నేను తప్పు గీసిన చోట ఆ గీత ఒక్క క్షణం ఆగేది, ఓపిగ్గా సరిదిద్దేది, మళ్ళీ కదిలేది. ఆ ఓపికకే నేను ఎక్కువ భయపడ్డాను. ముక్కు గీశాను. ఉడత ముక్కుపుటాలు అదరడం ఆగిపోయింది. పెదాలు అది గీసింది. పిల్ల మూలుగు కూడా ఆగిపోయింది.

"త్వరగా..." అంది మా ఆవిడ నా చెవి దగ్గర. "ఏమండీ... త్వరగా..."

కుడికన్ను అయింది. ఎడమకన్ను రెప్ప అయింది. నల్లగుడ్డు మిగిలింది. కాగితం మీద ఆ నల్లటి చుక్క మెల్లగా పుడుతోంది... నేను కడ్డీని అక్కడ పెట్టి నొక్కాను. కడ్డీ పటుక్కున విరిగింది. విరిగిన ముక్కతోనే, వేలితోనే, గోటితోనే రుద్దాను. నల్లగా అయింది. నిండింది.

"అయిపోయింది!"

గొంతు చిరిగిపోయేలా అరిచాను.

ఉడత కుర్చీలోంచి ముందుకు పడింది. మా ఆవిడ పట్టేసుకుంది. పిల్ల దగ్గింది, గట్టిగా గాలి పీల్చింది, తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు విని మేమిద్దరం కూడా కూలబడి ఏడ్చేశాం. చేతులు వెచ్చబడ్డాయి. చిటికెనవేలి కొస మాత్రం అలాగే తెల్లగా ఉండిపోయింది.

కేక పెట్టి ఎగిరే పిల్ల, ఆ రోజు రంగు అడగలేదు.

వాన తగ్గింది. కరెంటు వచ్చింది. కాగితాన్ని ఎలా ముట్టుకోవాలో కూడా తెలియక, మడత పడకుండా రెండు గాజు పలకల మధ్య పెట్టి బీరువాలో దాచి తాళం వేశాను. ఆ కాగితానికి తడి తగలకూడదు, చెద పట్టకూడదు. నేను బతికున్నన్నాళ్ళూ కాపలా కాయాలి. సరే, కాస్తాను. పిల్ల దక్కింది, అది చాలు అనుకున్నాను.

ఉడత నా ఒళ్ళో ముడుచుకుని పడుకుంది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుని, "కాసిని పాలు వెచ్చబెట్టి తెస్తా, తాగి పడుకుంటుంది," అని వంటింట్లోకి వెళ్ళింది.

నేను పిల్ల తల నిమురుతూ కూర్చున్నాను. చాలాసేపు అలాగే కూర్చున్నానేమో. మాడు వాసన వచ్చింది.

"పాలు పొంగినట్టున్నాయి, చూడు," అన్నాను.

వాసన ఇంకా ఎక్కువైంది.

ఉడతని ఎత్తుకునే వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి ముందు మా ఆవిడ అటు తిరిగి నిలబడి ఉంది. కుడిచేతిలో గరిటె, ఎడమచెయ్యి పొయ్యి గట్టు మీద. పాలు పొంగి, మంట ఆరి, గ్యాస్ బుస్సుమంటోంది. గబగబా ఆపేశాను.

"ఏమేవ్..."

"ఇంకా ఎంతసేపండీ?" అంది మెల్లగా. పెదాలు కదిలీ కదలకుండా. "నా చెయ్యి లాగేస్తోంది."

"ఎంతసేపేమిటి?"

"మీరేగా... ఇందాక వెనకనుంచి కదలకు అన్నారు. మీ గొంతే."

నేను అనలేదు. చంకలో పిల్ల నా మెడ గట్టిగా పట్టుకుంది.

సర్... సర్... సర్...

గోడ మీద చూశాను. ఏం లేదు. తలుపు వెనక లేదు. ముందుగదిలోకి పరిగెత్తాను. స్టాండు మీద అట్ట ఖాళీ. బీరువా తెరిచాను, ఉడత బొమ్మ తప్ప ఇంకేం లేదు. మంచాలు ఎత్తాను. పరుపులు తిరగేశాను. బోర్డుల వెనక, రంగు డబ్బాల వెనక, డాబా మీద, నీళ్ళ ట్యాంకు కింద... ఎక్కడికి వెళ్ళినా చప్పుడు పక్క గదిలో ఉన్నట్టే ఉంది. ఆవిడని గీస్తున్న కాగితం దొరికితే నేనూ గీయగలను. విరిగిన ముక్కతోనైనా, గోటితోనైనా గీయగలను. కాగితం ఎక్కడ?

మళ్ళీ వంటింట్లోకి వచ్చేసరికి ఆవిడ చేతులు చల్లబడ్డాయి. మెడ చల్లబడింది. చెంప మీద, ఎవరో బొటనవేలితో నీడ రుద్దినట్టు నల్లటి మరక. నేను చూస్తుండగానే అది ఇంకాస్త పరుచుకుంది.

"అయిపోయింది!" అన్నాను. "అయిపోయింది! అయిపోయిందే!"

ఆవిడ కళ్ళు మాత్రం నావైపు తిరిగాయి.

చప్పుడు ఆగిపోయింది.

నేను, ఉడత ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. గీయడం పూర్తయితే చెప్పాలి కదా. గీసింది ఎవరైనా ఆ మాట వాళ్ళే చెప్పాలి కదా. అదే కదా ఆట.

ఆవిడ గరిటె పట్టుకుని పొయ్యి ముందు అలాగే ఉంది. ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.